ఓటీపీ పెద్దాయన

ఓటీపీ పెద్దాయన తెలుగు రాష్ట్రాల్లోని ఏ పట్టణంలోనైనా కాలనీకి ఇద్దరు ముగ్గురు చొప్పున దొరికే గృహస్థు. వయసు అరవై దాటి ఉంటుంది. ట్రెజరీలోనో, తాలూకాఫీసులోనో, జిల్లా పరిషత్తులోనో పనిచేసి, సూపరింటెండెంటు హోదాలో శాలువా కప్పించుకుని రిటైరయి ఉంటాడు. సుగరు, బీపీ ఉంటాయి. అమెరికాలో కొడుకు, బెంగళూరులో కూతురు ఉంటారు. చొక్కా జేబులో స్మార్ట్‌ఫోను, దాని కవరులో మడత పెట్టిన ఆధార్ జిరాక్సు ఉంటాయి. ఆస్పత్రి పనులన్నీ ఆన్‌లైన్లోనే చక్కబెట్టుకోవాలని ఆయన పట్టుదల. అందుకోసం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ లాగిన్‌కు కూర్చుంటాడు. పదిన్నరకు ముందు మాత్రం మొదలుపెట్టడు. అంతకుముందు సీట్లో ఎవరూ ఉండరని సర్వీసు అనుభవం.

కంప్యూటరంటే భయపడే ముసలాయన వేరు. "నాకెందుకులే ఈ గోల" అని తప్పుకున్నవాడికి ఏ బాధా లేదు. ఓటీపీ పెద్దాయనకు భయం లేదు, తెలివి తక్కువా కాదు. పోర్టలు కూడా ఒక ఆఫీసేనని, దానికీ ఒక పద్ధతి ఉంటుందని గట్టిగా నమ్మడమే ఆయన చిక్కు.

ఈ మనిషి ఒక్కరోజులో తయారు కాలేదు. పెద్దాస్పత్రుల ఓపీ చీటీని ఇంటి నుంచే తీసుకునే ఓఆర్ఎస్ వెబ్‌సైటును కేంద్రం 2015లో తెచ్చింది. ఓఆర్ఎస్ అంటే విరేచనాలప్పుడు నీళ్ళలో కలిపి తాగే పొడి అనుకుని దాన్ని పట్టించుకోని పెద్దలకు అప్పట్లో కొదవ లేదు. 2020 ఏప్రిల్లో, లాక్‌డౌన్ మధ్యలో, వీడియోలో డాక్టరును చూపించే ఈసంజీవని ఓపీడీ మొదలైంది. పెద్దాయన పూర్తి స్వరూపం బయటపడింది మాత్రం 2021లో, టీకా నమోదు పోర్టలు కోవిన్ రోజుల్లో. ఆ ఏడాది మార్చి 1న అరవై దాటినవారికి కోవిడ్ టీకా మొదలైంది. సరిగ్గా వారానికి, మార్చి 8న, సంస్థలు పంపే ఎస్సెమ్మెస్‌లను ముందుగా నమోదు చేసిన నమూనాతో పోల్చి వడకట్టే నిబంధనను టెలికాం కంపెనీలు అమల్లో పెట్టాయి. నమూనాతో కలవని మెసేజీలు దారిలోనే ఆగిపోయాయి. బ్యాంకు ఓటీపీలు, ఆధార్ ఓటీపీలు, కోవిన్ ఓటీపీలు చాలామందికి చేరలేదు. చివరికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ నిబంధనను ఏడు రోజులు పక్కన పెట్టింది. దేశమంతా జరిగిన ఈ సంగతి పెద్దాయనకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు ఇంట్లో ఎవరో వైఫైలో సినిమా చూడబట్టే తన ఓటీపీ రాలేదని ఆయన నిశ్చితాభిప్రాయం.

కోవిన్‌లో మొదట ఒక ఫోను నంబరు మీద నలుగురికే చోటు. మొదటి రెండు స్థానాలు దంపతులవి. మూడోది అత్తగారికి వెళ్ళింది. నాలుగోది బావమరిదికా, వియ్యంకుడికా అన్నది చాలా ఇళ్ళల్లో తెగని పంచాయితీ. 2022 జనవరిలో ప్రభుత్వం నలుగురిని ఆరుగురు చేసింది గాని, అప్పటికే వియ్యంకుడు ఫోనెత్తడం మానేశాడు.

తర్వాత అంకెలు పెరిగాయి. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటికీ వచ్చింది. దాని కింద ఇచ్చే ఆభా సంఖ్యకు 14 అంకెలు. ఆధార్‌కు 12. ఆభా అనేది వైద్య రికార్డులను ఒకచోట చేర్చే సంఖ్య. ఆయుష్మాన్ కార్డు ఆస్పత్రి ఖర్చుకు సంబంధించినది. 2024 అక్టోబరు 29 నుంచి డెబ్బై నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఇస్తున్న వయ వందన కార్డు ఈ రెండో కోవలోది. పార్కులో వాకింగు చేసేవాళ్ళకు ఈ తేడాను పెద్దాయన ఉదాహరణలతో సహా వివరిస్తాడు. ఇంటికొచ్చి 12 అంకెల గడిలో 14 అంకెలు కొట్టి, చివరి రెండూ ఎందుకు పట్టలేదని ఫోను దులుపుతాడు.

ఈయన అసలు కష్టాలు పేరు దగ్గర మొదలవుతాయి. పోర్టలు మొదటి పేరు ఒక గడిలో, చివరి పేరు ఇంకో గడిలో రాయమంటుంది. తెలుగువాడికి ఇంటిపేరే ముందు. దాన్ని చివర రాస్తే పెళ్ళిపత్రిక తలకిందులుగా అచ్చేసినట్టు అనిపిస్తుంది. పైగా ఆయన పేరు ఆధార్‌లో ఇంటిపేరుతో సహా నిండుగా ఉంటుంది, పెన్షను కాగితాల్లో ఇంటిపేరు పొడి అక్షరమై ఉంటుంది, పాత ఆస్పత్రి ఫైల్లో ఇంటిపేరే ఉండదు. 'శ్రీ'కి ఇంగ్లీషులో ఒకచోట రెండు ఈలు, ఇంకోచోట ఒక ఐ. ఇంటావిడ పేరులోని 'లక్ష్మి' ఒక కార్డులో ఎక్స్‌తో, ఇంకో కార్డులో కేఎస్‌హెచ్‌తో. పుట్టినతేదీ సంగతి చెప్పనక్కర్లేదు. బడిలో చేర్పించిన రోజున హెడ్మాస్టరు వేసిన జూలై 1 సర్టిఫికెట్లో ఉంటుంది. ఏడాది ఒక్కటే చెబితే ఆధార్ ఆపరేటరు వేసిన జనవరి 1 ఇంకోచోట. తల్లి చెప్పింది మాత్రం గాలివాన వచ్చిన ఏడు, అట్లతద్దె మర్నాడు. ఇంట్లో పరమాన్నం వండేది ఈ చివరి లెక్క ప్రకారమే గాని, తిథిని ఒప్పుకునే పోర్టలు ఇంతవరకు రాలేదు.

వీటన్నిటినీ చూసి పోర్టలు ఎర్ర అక్షరాల్లో ఒక్క మాటంటుంది: వివరాలు సరిపోలడం లేదు. ఇంకొకరైతే ఫోను విసిరేస్తారు. పెద్దాయన తల పంకిస్తాడు. వితంతు పెన్షను దరఖాస్తులో 'సుబ్బమ్మ' అని, రేషను కార్డులో 'సుబ్బాయమ్మ' అని ఉన్నందుకు ఫైలును మూడుసార్లు వెనక్కి తిప్పిన చెయ్యి అది. అభ్యంతరం సబబైనదేనని ఒప్పుకుంటాడు. కాకపోతే ఆనాడు ఆ సుబ్బమ్మ వచ్చి బల్ల ముందు నిలబడి, "అయ్యా, మీరే ఏదో దారి చూపించాలి" అంటే, అఫిడవిట్ ఒకటి రాయించి ఫైలు కదిలించిన చెయ్యి కూడా అదే. ఇక్కడ నిలబడడానికి బల్ల లేదు, అయ్యా అనడానికి మనిషి లేడు. ఆయన్ని నిజంగా కుంగదీసేది ఇదొక్కటే.

పాస్‌వర్డు విషయంలో ఆయనది భక్తిమార్గం. ఇష్టదైవం పేరు, పక్కన పుట్టిన సంవత్సరం, మధ్యలో ఎట్ గుర్తు. మూడు నెలలకోసారి మార్చమంటే దేవుణ్ణి మారుస్తాడు. వెంకన్న, అంజన్న, సాయినాథుడు, అన్నవరం సత్యదేవుడు అయిపోయి, పాతవి మళ్ళీ వాడకూడదని హెచ్చరిక వచ్చేసరికి గ్రామదేవతల దగ్గర తేలతాడు. పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు కలిసి ఉండాలన్న నియమం వెనక ఒక కథ ఉంది. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తరఫున బిల్ బర్ అనే అధికారి రాసిన పత్రం నుంచి అది లోకమంతా పాకింది. ఆ పెద్దమనిషి రిటైరయ్యాక, 2017లో, తాను రాసిన సలహాల్లో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానని ఒక పత్రికకు చెప్పాడు. గడువు పెట్టి పాస్‌వర్డు మార్పించవద్దని నిస్ట్ కూడా అదే ఏడాది తన పత్రాన్ని తిరగరాసింది. పైన జీవో రద్దయినా కింది ఆఫీసుల్లో పాత జీవోయే నడవడం మన పెద్దాయనకేమీ వింత కాదు.

పాస్‌వర్డులన్నీ బ్యాంకువాళ్ళిచ్చిన డైరీలో రాసి పెట్టుకుంటాడు. ఎవరికంటా పడకుండా ఇంగ్లీషు అక్షరాలను తెలుగులో రాస్తాడు. తెలుగులో పెద్దబడి, చిన్నబడి అంటూ లేవు కాబట్టి, పది రోజుల తర్వాత ఆ 'ఎస్' పెద్దదో చిన్నదో ఆయనకే తెలియదు. రహస్యం కాపాడడంలో ఇంతకు మించిన పద్ధతి లేదు.

మరిచిపోతే అడిగే ప్రశ్న ఇంకా విచిత్రం: తల్లి పుట్టింటివారి ఇంటిపేరు. ఇది రహస్యమని ఏ దేశంలో అనుకున్నారో గాని, తెలుగు దేశంలో పెళ్ళిసంబంధాల కాగితాల్లో 'మేనమామల ఇంటిపేరు' అని రెండో వరుసలోనే ఉంటుంది. పిల్లనిచ్చిన వాళ్ళకు, పురోహితుడికి, పెళ్ళిళ్ళ పేరయ్యకు, వాళ్ళ ఊరి రచ్చబండకు తెలిసిన ఆ సంగతి తెలియనిది పోర్టలుకే. ఆ పేరు నమోదు చేసిన నాటి స్పెల్లింగుతో ఇప్పుడు కొట్టలేక ఓడిపోయేదీ పెద్దాయన ఒక్కడే.

మనిషో మరమనిషో తేల్చే క్యాప్చా దగ్గర ఆలస్యం తక్కువ. సున్నాకూ ఓకూ తేడా కోసం భూతద్దం ఉంది. కొన్ని సైట్లలో మాత్రం ఫైర్ హైడ్రంట్ ఉన్న బొమ్మలన్నీ నొక్కమంటారు. అమెరికా వీధుల్లో అగ్నిమాపక యంత్రానికి నీళ్ళందించే ఆ పొట్టి గొట్టాన్ని ఆయన తన ఊళ్ళో ఏనాడూ చూడలేదు. కొడుకు దగ్గరున్న ఆరు నెలల్లో పొద్దున్నే నడకకు వెళ్ళి అలిసిపోతే పక్కన నిలబడింది దాని దగ్గరే కాబట్టి గట్టెక్కుతాడు.

ఇక ఓటీపీ. అది వచ్చినప్పుడు పెద్దాయన చేసే మొదటి పని దాన్ని కాగితం మీద రాసుకోవడం. ఆఫీసుకు వచ్చిన ప్రతి తపాలనూ ముందు ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కించాలి కదా. కళ్ళజోడు వెతికి, పెన్ను వెతికి, ఆరు అంకెలూ రాసి, సరిచూసుకుని తలెత్తేసరికి గడువు అయిపోతుంది. రీసెండ్ నొక్కుతాడు. రాలేదని మళ్ళీ నొక్కుతాడు. అప్పుడు రెండూ కలిసి వస్తాయి. కొత్తది పుట్టగానే పాతది చెల్లదు. ఆయన మాత్రం వరుస ప్రకారం మొదట వచ్చినదాన్నే కొడతాడు. సీనియారిటీని తొక్కిపెట్టడం ఆయన సర్వీసులో ఎన్నడూ లేదు.

ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని ప్రతి మెసేజీలోనూ రాసి ఉంటుంది. మోసపోతే 1930కి ఫోను చెయ్యాలన్నదీ ఆయనకు కంఠతా వచ్చు. అయితే ఆస్పత్రి కౌంటరులో, డయాగ్నస్టిక్ సెంటరులో, మందుల షాపులో అందరూ "ఓటీపీ చెప్పండి అంకుల్" అనే అడుగుతారు. చెబితే తప్పు, చెప్పకపోతే పని కాదు. పెద్దాయన మధ్యేమార్గంగా చెవిలో చెబుతాడు. ఆయనకు వినికిడి కాస్త తక్కువ కాబట్టి ఆ చెవిలో చెప్పడం వరండాలో ఉన్న రోగులందరికీ వినిపిస్తుంది.

ఆధార్‌కు కలిపిన నంబరు సాధారణంగా ఈయన దగ్గర ఉండదు. ఒక రకం ఇళ్ళల్లో అది ఏనాటిదో బటన్ల ఫోనులో ఉండి, దేవుడి గూట్లో అగరొత్తుల పక్కన ఛార్జింగులో ఉంటుంది. దాని నుంచి ఎవరికీ ఫోను వెళ్ళదు. నంబరు బతికుండాలని రీఛార్జి, ఓటీపీ రావాలని ఛార్జింగు, అంతే. ఇంకో రకం ఇళ్ళల్లో కొడుకు చదువుకునే రోజుల్లో తన నంబరు ఇచ్చి, దాన్ని రోమింగులో పెట్టుకుని డల్లాస్ వెళ్ళిపోయి ఉంటాడు. ఇక్కడ ఉదయం పదిన్నరంటే వేసవిలో అక్కడ అర్ధరాత్రి. "నాన్నా, పడుకున్నావురా?" అని పెద్దాయన మొదలుపెడతాడు. మంచానపడ్డ సమాచారమేదో వచ్చిందని ఉలిక్కిపడి లేచిన కొడుకు, నాన్న బాగానే ఉన్నాడని తెలిసి, ఆరు అంకెలు చదివి, ఎందుకని అడుగుతాడు. కంటి పరీక్షకు స్లాటు. ఆ తర్వాత కోడలి ఆరోగ్యం, పిల్లల చదువులు, అక్కడి ఎండలు మాట్లాడతారు. పెట్టేసేసరికి గడువు దాటుతుంది. నెలకు రెండుసార్లయినా తండ్రీకొడుకులు మాట్లాడుకోవడానికి ఇంతకన్నా ఖచ్చితమైన ఏర్పాటు ఆ ఇంట్లో లేదు.

లోపలికి వెళ్ళగలిగిన అరుదైన రోజున నిబంధనలు, షరతులు అడ్డొస్తాయి. 'అంగీకరిస్తున్నాను' అని నొక్కే ముందు వాటిని ఆసాంతం చదివే పౌరుడు ఈయనే. చదవకుండా సంతకం పెట్టి ఆడిట్లో ఇరుక్కున్నవాళ్ళను చాలామందిని చూశాడు. పదకొండో పేరాలో కామా తప్పు పట్టుకునే సమయానికి సెషను ముగుస్తుంది. ఆ తప్పును ఎవరికి రాయాలో తెలియక డైరీలోనే నోట్ చేస్తాడు.

ఇదంతా జరుగుతుండగా ఆవిడ చెప్పులు వేసుకుని, ఏపీలో అయితే పట్టణ ఆరోగ్య కేంద్రానికో, హైదరాబాదులో అయితే బస్తీ దవాఖానాకో వెళ్ళి, బీపీ చూపించుకుని, మాత్రలు తెచ్చుకుని, పప్పు పొయ్యి మీద వేస్తుంది. ఆమె ఆభా సంఖ్య ఆయన కంటే ముందే వచ్చింది. ఇంటింటి సర్వేకు వచ్చిన ఏఎన్ఎమ్ గుమ్మంలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, చేసేసి వెళ్ళింది. ఈ ప్రస్తావన ఇంట్లో నిషిద్ధం.

చివరికి పెద్దాయన కూడా ఆస్పత్రికి నడిచే వెళతాడు. అక్కడ గోడ మీది క్యూఆర్ కోడును స్కాన్ చేస్తే ఓపీ టోకెను ఫోనులోకి వచ్చే పద్ధతి 2022 అక్టోబరులో దేశంలో మొదలైంది. హెల్ప్ డెస్కు అమ్మాయి "ఇటివ్వండి తాతగారూ" అని ఫోను తీసుకుని, నాలుగు చోట్ల వేలు పెట్టి, టోకెను చూపించి వెనక్కిస్తుంది. ఆయన సంతోషించడు. టోకెను మీద ఆఫీసు ముద్ర ఏదని అడుగుతాడు.

ఇన్ని దెబ్బలు తిన్నవాడు కాబట్టి కాలనీలో ఈయన మాటకు విలువ. సాయంత్రం అరుగు మీద ఇంకో నలుగురు పెద్దలు ఫోన్లతో చేరతారు. ఎవరు లాగిన్ పని మీద వచ్చినా ఆధార్ జిరాక్సు, పెన్షను కాగితం జిరాక్సు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు రెండు తెమ్మంటాడు. పోర్టలుకు ఫోటోలు అక్కర్లేదని ఆయనకూ తెలుసు. అవి ఆఫీసు కాపీకి.