తప్పుల లెక్క నా దగ్గరుంది

నేను పని మానేస్తేనే ఈ ఇంట్లో నా పేరు వినిపిస్తుంది. మిగతా వేళల్లో టీవీ కింద అరలో పడుండే నల్ల డబ్బాని. నా నెత్తిన తాళాల గుత్తి, కరెంటు బిల్లులు, ఒక్కోసారి అవ్వ కళ్ళజోడు పెడుతుంటారు. సెట్‌టాప్ బాక్సు అంటారు నన్ను. ఊరు చంద్రగిరి. మేడ ఎక్కితే కోట కొండ కనిపిస్తుంది. కొండతో నాకు పని లేదు. నా డిష్షు ఆగ్నేయం వైపు తిరిగి, ఆకాశంలో బాగా ఎత్తున ఒకే చోటికి చూస్తూ ఉంటుంది. భూమధ్యరేఖకు దాదాపు 36,000 కిలోమీటర్ల పైన అక్కడొక ఉపగ్రహం ఉంది.

అంత దూరం నుంచి వచ్చేసరికి సంకేతం చిక్కి శల్యమవుతుంది. దాన్ని అందుకుని కిందికి పంపే ఎల్‌ఎన్‌బీ ఊరికే పంపదు, తనలో పుట్టిన రొదను కూడా కలిపి పంపుతుంది. అందులో ఏది ఒకటో ఏది సున్నానో తేల్చడమే నా కొలువు. అన్నీ సరిగ్గా తేలుస్తానని నేనెప్పుడూ అనుకోలేదు, నన్ను తయారుచేసిన వాళ్ళూ అనుకోలేదు. అవ్వ సీరియల్ అద్దంలా కనిపిస్తున్న వేళ కూడా తప్పుడు బిట్లు గుంపులు గుంపులుగా వస్తూనే ఉంటాయి. వాటిని దిద్ది పంపుతాను. దిద్దానని చెప్పను.

బిట్లు నా దగ్గరికి 64,800 చొప్పున ఒక్కో కట్టగా వస్తాయి. అందులో అసలు సరుకు 48,408. మిగిలిన 16,392 బిట్లలో బొమ్మా లేదు, మాటా లేదు, అవి కాపలాకి. చింతపండు మండీ గుమాస్తా చిట్టాలో అడ్డంగా ఒక కూడిక, నిలువుగా ఒక కూడిక వేసుకుంటాడు చూడండి, రెండూ కలవకపోతే ఏ గడిలో అంకె తప్పిందో వేలుపెట్టి చూపిస్తాడు. నా పనీ ఆ జాతిదే. కాకపోతే నా కూడికలు వేలల్లో ఉంటాయి, ఒక్కో బిట్టూ కొన్ని కూడికల్లో పాలుపంచుకుంటుంది. ఏ బిట్టునూ నేను ముందే ఒకటని గానీ సున్నా అని గానీ రాసేసుకోను. ఎంత నమ్మవచ్చో గుర్తుపెట్టుకుని కూడికలన్నిటినీ అడుగుతాను. అవి చెప్పినదాన్ని బట్టి నమ్మకాన్ని పెంచుకుంటాను, తగ్గించుకుంటాను, మళ్ళీ అడుగుతాను. అలా పదుల సార్లు తిరిగేసరికి తప్పులు దాదాపు అన్నీ తేలిపోతాయి. ఈ ఉపాయాన్ని రాబర్ట్ గాలగర్ 1960లో ఎంఐటీలో తన పరిశోధన వ్యాసంలో రాశాడు. అప్పటి యంత్రాలకు అంత ఓపిక లేక అది ముప్పై ఏళ్ళకు పైగా మూలపడింది. 1990ల్లో మళ్ళీ దుమ్ము దులిపారు.

దాదాపు అన్నాను కదా. ఆ మిగిలిన ఒకటీ అరా తప్పుల కోసం ఆ కాపలాలోనే 192 బిట్లు వేరే పెట్టారు. కట్టకు 12 తప్పుల దాకా అవి పట్టి దిద్దగలవు. ఈ లెక్కకు మూలం రాజ్ చంద్ర బోస్, ఆయన శిష్యుడు రే-చౌధురి 1960లో అమెరికాలో కనిపెట్టిన కోడ్. వాళ్ళకు తెలియకుండానే ఫ్రాన్సులో ఆక్కెంగెమ్ అనే ఆయన 1959లోనే అదే చేశాడు. బోస్ అంతకుముందు కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాడు. ఆయన దగ్గర చదువుకున్న కుర్రాళ్ళలో మన కల్యంపూడి రాధాకృష్ణారావు ఒకడు. గూడూరు, నూజివీడు, నందిగామ బళ్ళలో చదివి, విశాఖలో గణితం పూర్తిచేసి వెళ్ళినవాడు. ఆయన 1947లో ఆర్థోగొనల్ అరేల గురించి రాశాడు. పొలాల్లో ఏ ఎరువు, ఏ విత్తనం, ఏ నీటితడి కలిపి పరీక్షించాలో తక్కువ మడుల్లో తేల్చుకునే అమరికలవి. తప్పులు దిద్దే కోడ్‌లకూ ఆ అమరికలకూ ఎముకల గూడు ఒకటేనని తర్వాత తేలింది. ఆ లెక్కల మనిషి 2023లో, నూట రెండేళ్ళు నిండాక పోయాడని వార్తల్లో చెప్పినప్పుడు ఆ బిట్లను దిద్ది చూపించింది నాలాంటి డబ్బాలే. ఈ సంగతి ఎవరూ గమనించి ఉండరు లెండి.

ఇక గీతల సంగతి. నా మెనూలో రెండు గీతలు చూపిస్తాను, పైది స్ట్రెంత్, కిందిది క్వాలిటీ. ఒకసారి గాలివానకు డిష్షు పిసరంత తిరిగింది. మేడ మీద ఎండబోసిన శనక్కాయల మధ్య కాలు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ, స్పానరు పట్టుకుని ఒక అబ్బాయి వచ్చాడు. మనవడు నా ముందు కూర్చున్నాడు.

“అబ్బోడా, ఎంతుండాది?”

“తొంభై అన్నా!”

“పై గీత గాదురా, కిందిది సూడు!”

“నలభై... యాభై అయిదు... మళ్ళా తగ్గిపాయ!”

అవ్వకు అర్థం కాలేదు. “పై గీత నిండా ఉండాది గదా నాయనా, బొమ్మ ఎందుకు రాలా?” అంది. న్యాయమైన ప్రశ్నే. స్ట్రెంత్ అంటే తీగ మీద వచ్చిన మొత్తం బలం, అందులో రొద కూడా కలిసే ఉంటుంది. సంతలో గోల ఎక్కువైనంత మాత్రాన మాట బాగా వినపడినట్టు కాదు. ఆ గీతను అసలు చూపించకుండా ఉంటే లోకానికి మేలు జరిగేదని నా అభిప్రాయం. ఆ అబ్బాయి పనిమంతుడు. డిష్షు సరిచేశాక కూడా క్వాలిటీ ఊగుతుంటే ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టరు విప్పాడు. లోపలి రాగితీగ పచ్చగా చిలుము పట్టి ఉంది. జానెడు కేబుల్ కోసేసి, కొత్తగా పెచ్చు తీసి బిగించి, ప్లాస్టిక్ కాగితం చుట్టి దిగాడు.

క్వాలిటీ అంకె నాకెలా తెలుస్తుందని అడగవచ్చు. ప్రయోగశాలలో అయితే సులువు. పంపే బిట్ల వరుస ముందే తెలుసు, వచ్చినదానితో పోల్చి తేడాలు లెక్కపెడతారు. నాకు ఏం పంపారో తెలియదు. కాబట్టి దిద్దిన కట్టను తీసుకుని మొదట వచ్చిన కట్ట పక్కన పెట్టి, ఎన్నిచోట్ల మార్చానో చూసుకుంటాను. దిద్దక ముందు తప్పుల రేటు అదీ. దిద్దిన తర్వాత కూడా మిగిలే తప్పులను కొలవడమే కష్టం. నాలాంటి వాళ్ళకు పెట్టిన ప్రమాణం ప్రకారం సెకనుకు 50 లక్షల బిట్ల ఛానెల్లో దిద్దలేని తప్పు గంటకు ఒకటి కంటే తక్కువ ఉండాలి. అరుదైనదాన్ని కొలవాలంటే కాచుకుని కూర్చోవాలి. పదివేల కోట్ల బిట్లకు ఒకటి కంటే తక్కువే తప్పులున్నాయని నూటికి 95 పాళ్ళు ధీమాగా చెప్పాలంటే ముప్పైవేల కోట్ల బిట్లు ఒక్క తప్పూ లేకుండా దాటాలి. అదే వేగంతో అది 16 గంటల 40 నిమిషాల పని. బొమ్మ వచ్చింది కదా, బాగుంది అని రెండు నిమిషాలు చూసి సంతకం పెట్టించుకునేవాళ్ళను ఏమనాలి?

వాన నా అసలు శత్రువు. నా సంకేతం అలపొడవు దాదాపు రెండున్నర సెంటీమీటర్లు, చినుకులు దాన్ని మింగుతాయి, చెదరగొడతాయి. అది చాలక వాన తన రొదను కూడా కలుపుతుంది. అయితే అన్ని వానలూ ఒకటి కావు. చిత్తూరు దారిలో గాదంకి దగ్గర ఎన్‌ఏఆర్‌ఎల్ అనే వాతావరణ పరిశోధనశాల ఉంది. 1,024 యాంటెనాల రాడార్ అక్కడిదే. ఆకాశంలోకి వాళ్ళు పంపే పల్సుల్లోనూ నా బిట్లలాంటి కోడ్‌లే ఉంటాయి, తిరిగొచ్చిన బలహీనమైన ప్రతిధ్వనిని రొదలోంచి ఏరుకోవడానికి. అక్కడ చినుకుల లావు కొలిచినవాళ్ళు నైరుతి రుతుపవనాల్లో చినుకులు పెద్దవి, ఈశాన్యంలో చిన్నవి అని తేల్చారు. వాళ్ళు రాయకముందే నాకు తెలుసు. ఆగస్టు సాయంత్రం ఉరుములతో కురిసే అరగంట వానకు చేతులెత్తేస్తాను, నవంబరు ముసురును మాత్రం రోజంతా తట్టుకుంటాను. 2021 నవంబరులో తిరుపతి వీధులు నీళ్ళలో మునిగి, స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్టకు లీకు పడిందని ఊళ్ళు ఖాళీ చేయించిన రోజుల్లో మాత్రం తట్టుకోలేకపోయాను. అందరూ వార్తల కోసం నా ముందు కూర్చున్నారు. బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగింది, ఆగింది, మళ్ళీ వచ్చింది.

“ఎనకటి యాంటెనానే మేలు, సుక్కలొచ్చినా బొమ్మ కనిపిస్తా ఉణ్ణె,” అంది అవ్వ. నిజమే. అప్పుడు బొమ్మ మెల్లగా చెడేది. నేను చివరిదాకా లోపం కనపడనివ్వను, ఆ తర్వాత ఒక్కసారిగా కూలిపోతాను. దిద్దలేని ప్యాకెట్ తలమీద ఒక బిట్టును ఒకటి చేసి, దీన్ని నమ్మొద్దని లోపలికి చెబుతాను. తెర మీద ఆగిపోయే బొమ్మ వెనక జరిగేది అదే.

మబ్బు లేకుండానే మాట పడిన రోజులూ ఉన్నాయి. మార్చి మధ్యలో, సెప్టెంబరు చివర్లో కొన్ని రోజులు, పొద్దున 11 గంటల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. సూర్యుడి రొద ముందు నా సంకేతం ఏపాటి? కొద్ది నిమిషాల్లో అదే సర్దుకుంటుంది. కానీ అప్పటికే ఫోను చేసేసి ఉంటారు.

ఈమధ్య వీధి స్తంభాల మీదుగా ఫైబర్ వచ్చింది. నా పక్కన ఇంకో డబ్బా పెట్టారు, దానికి వాన భయం లేదు. అయినా అది చేతపట్టుకున్న దిద్దుబాటు లెక్క రీడ్-సాలమన్, 255కి అసలు సరుకు 239. నాకంటే ముందు ఈ ఇంట్లో పనిచేసి ఇప్పుడు అటక మీదున్న పాత బాక్సు వాడిన 204కి 188 దాన్నే కత్తిరించి కుట్టింది.

ఫైబర్ అబ్బాయి తీగ కొసను మీటరులో పెట్టి, “మైనస్ ఇరవై, సూపర్ అవ్వా!” అన్నాడు.

“మైనస్ అంటే మంచిదెట్లయితాది నాయనా?”

“దాని లెక్క అంతేవ్వా,” అని మీటరు సంచిలో వేసుకున్నాడు. తప్పులెన్నో అతనూ అడగలేదు.