నూరు అబద్ధాలు, ఒక్క ఏడాది

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు. పెద్దల మాటని మనవాళ్లు జవదాటరు. తొంభై తొమ్మిది దగ్గర ఆగిన సంబంధం నేనింతవరకు చూడలేదు.

ఒక పెళ్లిచూపుల్లో మే నెల ఎండలో ఫ్యాను ఆపించారు. "అబ్బాయికి గాలి పడదండీ" అంది వాళ్ల పిన్ని. గాలి పడనిది అబ్బాయికి కాదు, విగ్గుకి. అది పిల్ల అబద్ధం. ఆర్నెల్ల కిందట ఊడిన ఉద్యోగాన్ని 'వర్క్ ఫ్రమ్ హోమ్' అనడం మధ్యరకం. విడాకులైనవాణ్ణి కూర్చోబెట్టి "నిశ్చితార్థం దాకా వెళ్లి ఆగిపోయిందండీ" అనడం జాతిరత్నం.

పార్లమెంటుకి సామెతలంటే గౌరవం తక్కువ. 1955 నాటి హిందూ వివాహ చట్టాన్ని 1976లో సవరించి, అవతలి మనిషి గురించిన ముఖ్యమైన సంగతిలో మోసం చేసి ఒప్పించినా 12వ సెక్షన్ కింద పెళ్లి రద్దు చేయించుకోవచ్చంది. విగ్గు ముఖ్యమైన సంగతా కాదా అన్నది లాయర్లకి నాలుగు వాయిదాల పని.

మన పురోహితుడి దగ్గర ముడి వేసే మంత్రమే ఉంది, విప్పేది లేదు. కతోలికులకి చర్చి ట్రిబ్యునల్ ఉంది. కానీ అది పెళ్లి చెల్లదన్నంత మాత్రాన చట్టం ఒప్పుకోదని 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది. దేవుడి దగ్గర బ్రహ్మచారి, సర్కారు దగ్గర సంసారి!

మళ్లీ మన 12వ సెక్షన్‌కొస్తే, మోసం బయటపడ్డ ఏడాదిలోగా పిటిషన్ వెయ్యాలి. తెలిశాక కూడా ఇష్టపడి కాపురం చేస్తే ఆ దారీ మూసుకున్నట్టే. సరిగ్గా అప్పుడే మేనమామ రంగంలోకి దిగుతాడు. "సర్దుకుపోవే తల్లీ. ఆషాఢం వెళ్లనీ." ఆషాఢం వెళ్తుంది. "చెల్లెలికి సంబంధం కుదరనీ." కుదురుతుంది. "సంక్రాంతికి అల్లుడొస్తాడుగా, నేను మాట్లాడతా." అల్లుడొచ్చి, అరిసెలు తిని, బట్టలు పుచ్చుకుని వెళ్తాడు. మేనమామ మాట్లాడింది కోడిపందేల గురించి.

పదమూడో నెలలో పిల్లని వెంటబెట్టుకుని లాయరు దగ్గరికి తీసుకెళ్తాడు. ఆయన తారీఖులు చూసి పెదవి విరిచి, "ఇంక విడాకులేనమ్మా" అంటాడు. మేనమామ గుండె పట్టుకుంటాడు. "మా ఇంటావంటా లేదండీ!"

ఆ విడాకులూ వచ్చాయి, వాయిదాల మీద వాయిదాలు నడిచాక. మొన్న మేనమామ పెళ్లిళ్ల పేరయ్యతో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను.

"అబ్బే, ఏం లేదండీ. నిశ్చితార్థం దాకా వెళ్లి ఆగిపోయింది."