రెండు గజాలు

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. కరోనాతో మార్చిలో మూతబడిన బళ్లు మాత్రం తెరుచుకోలేదు. పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టి-సాట్‌లో వచ్చేవి. మూడో తరగతి నుంచి పై పిల్లలందరికీ టీవీయే బడి.

ఫోన్లు లేని ఇళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు అది. మంచి ఏర్పాటే. టీవీ కూడా లేని పిల్లల్ని పక్కింటికో, పంచాయతీ ఆఫీసుకో జత చేయమన్నారు. ఏ పిల్ల ఎక్కడ వింటున్నదో టీచర్లు తిరిగి చూడాలి. చూసినట్టు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి.

ఒక ఊళ్లో లెక్కల సారుకు అప్పజెప్పిన పిల్లల ఫొటోలన్నీ అయిపోయి ఒక్కటి మిగిలింది. ఏడో తరగతి అమ్మాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను పొద్దున్నే నాన్నతో పాటు కూలికి పోతుంది. టీవీ లేదు. ఊరి చివరి వాడ నుంచి నడిచివచ్చి, బడి పక్కనున్న పెద్దింట్లో పాఠం వింటున్నదని జాబితాలో రాసి ఉంది.

సారు వెళ్లేసరికి భిన్నాల పాఠం నడుస్తున్నది. ఇంటివాళ్లు మర్యాదగా లోపలికి పిలిచారు. కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు. ఆ ఇంటి పిల్లలిద్దరూ టీవీ ముందు చాప మీద కూర్చున్నారు. అమ్మాయి గడప అవతల, మెట్టు మీద ఉంది. ముఖానికి మాస్కు, ఒళ్లో నోటుపుస్తకం. మెడ చాపి చూస్తూ రాసుకుంటున్నది.

సారు ఫోను తీశాడు. టీవీ వస్తే పిల్ల రాలేదు. పిల్ల వస్తే టీవీ రాలేదు.

"కొంచెం లోపలికి జరుగమ్మా" అన్నాడు.

అమ్మాయి ఇంటావిడ వైపు చూసింది. కదల్లేదు.

"ఆడికి మంచిగనే కనవడ్తది సార్" అంది ఇంటావిడ.

సారు లేచి గది మూలకు వెళ్లి, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. అప్పుడు గానీ రెండూ ఒకే ఫొటోలో పట్టలేదు.

గ్రూపులో పెట్టిన కాసేపటికే పై అధికారి బొటనవేలు గుర్తు పంపాడు. సాయంత్రానికి అదే ఫొటో మండలం గ్రూపులో వచ్చింది. కింద రెండు వాక్యాలు: "రెండు గజాల దూరం పాటిస్తూ శ్రద్ధగా పాఠం వింటున్న విద్యార్థిని. అన్ని పాఠశాలలూ ఆదర్శంగా తీసుకోవాలి." దాని కింద చప్పట్లు వరుసకట్టాయి. మర్నాడు జిల్లా గ్రూపుకెక్కింది.

ఆ సంతోషం పిల్లతో పంచుకోవాలని సారు వాడకు వెళ్లాడు. ఫొటో తెరిచి ఫోను చేతికిచ్చాడు.

అమ్మాయి తన బొమ్మ చూసుకోలేదు. రెండు వేళ్లు ఆనించి టీవీ ఉన్న వైపు పెద్దది చేసింది. లోపలికి పరుగెత్తి నోటుపుస్తకం తెచ్చుకుని, ఫోనులో చూసి అందులో లెక్కలు దించుకోవడం మొదలుపెట్టింది.

సారు వంగి చూశాడు. పేజీ నిండా భిన్నాల గీతలున్నాయి. కొన్నింటికి పైన అంకె లేదు. కొన్నింటికి కింద లేదు. ఫొటోలో చూసి ఒక్కొక్కటే నింపుకుంటున్నది.

"కనబడకపోతే నాకు చెప్పకపోయావా?" అన్నాడు సారు. "సరేలే, ఈ కరోనా పోయేదాకే కదా. తర్వాత అందరితో పాటు చాప మీదే కూర్చుందువు."

అమ్మాయి రాయడం ఆపలేదు.

"కరోనా రాకముందు గూడ ఆ ఇంట్ల మేము గడపవతలనే సార్" అంది.