డాప్లర్ రికార్డులో దూరే స్పైక్‌కు బహిరంగ లేఖ

స్పైక్‌కి,

నింపాదిగా పారే నీటికి ఏ నదీ ఎరగని వేగాన్ని అంటగట్టి, మరుక్షణం మాయమవుతావు. నీ పుట్టుక మాకు తెలుసు. డాప్లర్ పరికరం నీటిలోకి ధ్వని పంపి, నీటితోపాటు కదిలే సన్నని రేణువుల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి వేగం లెక్కగడుతుంది. గాలి బుడగలు అడ్డొచ్చినా, ప్రతిధ్వని బలహీనపడినా, వేగం పరికరానికి పెట్టిన హద్దు దాటినా నువ్వు పుడతావు.

నిలకడగా పారే నీటిలో నిన్ను పట్టుకోగలం. వేగాన్నీ, అది మారే తీరునూ కలిపి గీసి, గుంపుకు దూరంగా పడ్డ బిందువులను ఏరేసే పద్ధతిని గోరింగ్, నికోరా అనే పరిశోధకులు 2002లోనే చూపారు.

నా బాధంతా క్షణక్షణం మారే నీటి దగ్గర. ఫ్రాన్స్‌లోని గరోన్ నదిలో, పెద్ద పోటు వచ్చి నదిలో నీరు తక్కువగా ఉన్న రోజుల్లో, ఒక అల ఎగువకు ఎదురెక్కుతుంది. 2010 సెప్టెంబరులో బోర్డో దగ్గరి ఆర్సాన్ పాయలో పరిశోధకుడు ఉబెర్ షాన్సన్ బృందం దాన్ని కొలిచింది. సముద్రం వైపు పోతున్న నీరు అల తాకిడికి వేగం కోల్పోయి వెనక్కి మళ్లుతుంది. అలాంటి చోట సగటు ఏది, దాని చుట్టూ రేగే అలజడి ఏది? ప్రయోగశాలలోనైతే గేటు మూసి అదే అలను మళ్లీ మళ్లీ పుట్టించి, అన్ని రికార్డుల్లోనూ ఒకే క్షణానికి సగటు తీస్తారు. నది ఆ అవకాశం ఇవ్వదు. ఒక అల ఒక్కసారే వస్తుంది.

అక్కడే నువ్వు వరిమడిలో ఊదలా కలిసిపోతావు. అల ముఖం దగ్గర వేగం నిజంగానే ఉన్నట్టుండి మారుతుంది, నీలాగే కనిపిస్తుంది. నిన్ను ఏరేసే జల్లెడ ఆ నిజమైన మార్పునూ ఏరేస్తుంది. అడుగు మట్టిని లేపేది, చేప గుడ్లను కొట్టుకుపోయేలా చేసేది ఆ కొద్ది క్షణాల ఉధృతే. నీ మూలంగా దాన్నే అనుమానించాల్సి రావడం నాకు మింగుడుపడదు.

నీకు చెప్పి లాభం లేదు కనుక కొలిచేవాళ్లను వేడుకుంటున్నాను. మారే ప్రవాహంలో నిలకడ నీటి జల్లెడ వాడకండి. ఎన్ని బిందువులు తీశారో, ఎందుకు తీశారో రాయండి. శుభ్రం చేసిన రికార్డు పక్కనే ముట్టుకోని రికార్డునూ భద్రపరచండి.