నీటికీ మోటారుకీ మధ్య

అమెరికాలోని ప్లేనోలో ఈతకొలను ఉన్న ఇంటి పెరట్లో, కంచె పక్కన ఓ పంపు గుర్రుమంటూ ఉంటుంది. ఆ పంపులో నీళ్ళు మోటారులోకి పోకుండా అడ్డుగా కూర్చున్న మెకానికల్ సీల్‌ని నేను. ఒంటి మీద నంబరు లేదు, బిల్లు లేదు. ఇల్లు చేతులు మారినప్పుడు పంపుతోపాటే కొత్తవాళ్ళ పాలపడ్డాను.

నాలో రెండు ముఖాలు. ఒకటి షాఫ్ట్‌తో తిరుగుతుంది, రెండోది కదలదు. వాటి మధ్య వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచని నీటిపొర. అదే మాకు నూనె, అదే చల్లదనం. ఈ వేసవిలో నా రబ్బరు బీటలు తీసింది. మోటారు కింద చుక్కచుక్కగా కారిన నీళ్ళు ఎండి తెల్లగా పేరుకున్నాయి.

కోడలు నన్ను ఊడదీసి, విశాఖ నుంచి వచ్చిన మామగారి చేతిలో పెట్టింది. ఆయన రిటైరైన ఫిట్టరు.

"రబ్బరు నల్లగా ఉంది కదా మామయ్యగారూ, నైట్రైల్ రకమేనా?"

"రంగు చూసి చెప్పకూడదమ్మా. వైటన్ రబ్బరు కూడా నల్లగా వస్తుంది."

ఉత్తరం కవరు మీద నా నల్ల ముఖంతో గీశారు. పెన్సిల్ గీతలా పడింది: కార్బన్. ఆ గీత చూసుకుని నాకే ముచ్చటేసింది. తెల్ల ముఖాన్ని నగల కాటాలో తూస్తే 19.5 గ్రాములు, దారంతో నీళ్ళలో వేలాడదీస్తే 5 గ్రాములు తగ్గింది. అంటే నీటికి 3.9 రెట్లు బరువు, అల్యూమినా సిరామిక్. సిలికాన్ కార్బైడ్ అయితే 3.1 దగ్గర ఆగేది, పైగా నల్లగా ఉండేది. టంగ్‌స్టన్ కార్బైడ్ అయితే 15 దరిదాపుల్లో ఉంటుంది, చేతిలో పట్టుకుంటేనే తెలిసిపోతుంది.

రబ్బరే చిక్కుముడి. దాన్నీ అలాగే తూస్తే 1.2 వచ్చింది. వైటన్ 1.8 పైమాటే, కాబట్టి అది కాదు. ఇక నైట్రైలో, ఈపీడీఎమ్ అనే రబ్బరో తేలాలి. చిన్న తునక కోసి ఇంజనాయిల్‌లో నానేశారు. ఈపీడీఎమ్ నూనెలో ఉబ్బుతుంది. నా తునక దాదాపు ఉబ్బలేదు. నైట్రైలే! కాల్చి చూద్దామని మనవడన్నాడు. ఆయన కేకేశారు: వైటన్ లాంటిది కాలితే వచ్చే పొగ మహా ప్రమాదం.

"అయితే ఇలాంటిదే తెప్పించనా?"

"వద్దమ్మా. ఆ ఓజోన్ మిషన్ చూడు."

కొలను నీళ్ళలో ఓజోన్ కలపడానికి పాత యజమాని పెట్టించిన మిషనది. ఓజోన్ తగిలితే నైట్రైల్ పగుళ్ళు తీస్తుంది. నా జాతి తెలిసింది, నేను ఈ నీళ్ళకు పనికిరానని కూడా అప్పుడే తెలిసింది. అందుకే షాఫ్ట్ కొలత నాదే ఉంచి, రబ్బరు మాత్రం వైటన్‌ది తెప్పించారు. డ్యూపాంట్ కంపెనీ 1957లో అమ్మకానికి తెచ్చిన ఆ రబ్బరు ఓజోన్‌కు లొంగదు.

మీ పంపుకు కొత్త సీల్ వేసేటప్పుడు ముఖాలను వేలితో తాకకండి, జిడ్డు అంటుతుంది. పంపులో నీళ్ళు నింపకుండా స్విచ్ వేయకండి. పొడిగా తిరిగితే వైటనైనా బతకదు.