ఓఆర్ఏ-00942: టీకా తాత్పర్య సహితము

మూలము
ఓఆర్ఏ-00942: టేబుల్ ఆర్ వ్యూ డజ్ నాట్ ఎగ్జిస్ట్

అవతారిక
టెస్టింగు సర్వరులో చక్కగా నడచిన జీతాల రిపోర్టు ప్రొడక్షనులో అడుగిడగానే కూలినది. డెవలపరు లాగ్ ఫైలు తెరచెను. ఒరాకిల్ డేటాబేసు అతనితో ఇట్లనుచున్నది.

ప్రతిపదార్థము
ఓఆర్ఏ = ఒరాకిల్ వారిదగు; 00942 = తొమ్మిదివందల నలువది రెండవ సంఖ్యగల దోషము (ముందున్న సున్నలు పాదపూరణార్థములు); టేబుల్ = డేటా నిజముగా నిలువయుండు పట్టికగాని; ఆర్ = లేక (తేల్చి చెప్పుట యిష్టము లేదని ధ్వని); వ్యూ = తనకంటూ ఒక్క వరుసయు దాచుకొనక, అడిగినప్పుడెల్ల మూలపట్టికలనుండి తెచ్చి చూపునదిగాని (మెటీరియలైజ్డ్ వ్యూ సంగతి వేరు, అది దాచుకొనును); డజ్ నాట్ ఎగ్జిస్ట్ = (నీకు) లేదు. ఇందు 'నీకు' అనునది అధ్యాహారము. దీనిని చేర్చుకొననివారే రాత్రి ఆఫీసులో మిగులుదురు.

తాత్పర్యము
నీవడిగిన వస్తువు లేదు. లేదా, ఉన్నది గాని చూచుటకు నీకు హక్కు లేదు. రెండింటికిని ఒకటే వాక్యము గనుక శ్లేష. ఇది చెప్పువాని అశక్తత కాదు. హక్కు లేనివానితో 'ఉన్నది, చూపను' అన్నచో ఉన్నదను గుట్టు బయటపడును గదా!

విశేషము
భాట్ట మీమాంసకులు అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణముగా ఒప్పుకొందురు: కుండ కనబడలేదు, కావున లేదు. అయితే వారొక షరతు పెట్టిరి. ఉన్నచో కనబడదగిన స్థితి యుండవలెను. చీకటిగదిలో కుండ కనబడనంతమాత్రాన కుండ లేదనరాదు. మనవారీ షరతు మరచి, సూత్రము కంటబడగానే తమ స్కీమాలో అదే పేరిట కొత్త వ్యూ పుట్టింతురు. పబ్లిక్ సినానిమ్ కంటె సొంత స్కీమాదే ముందు గనుక, నాటినుండి అసలు వ్యూ ఉండియు వారికి కానరాదు. దోషము పోయి తప్పుడు లెక్కలు వచ్చును. ఇది మరింత చెడ్డది.

చేయదగినది వేరు. ఆల్_ఆబ్జెక్ట్స్‌లో చూచినచో నీకందునవే కనబడును. డీబీఏ_ఆబ్జెక్ట్స్‌లో డీబీఏ గారిచేత చూపించినచో ఉన్నవన్నియు కనబడును. రెండవదానిలో ఉండి మొదటిదానిలో లేనిచో, కొరత వస్తువుది కాదు, గ్రాంటుది.

పూర్వపక్షము: "అయ్యా, నేను సెలెక్ట్ వేయగా వరుసలు వచ్చుచున్నవి. అదే వాక్యము ప్రొసీజరులో పెట్టగా లేదనుచున్నది. లాగిన్ ఒక్కటియే గదా!"

సమాధానము: నీ హక్కు రోల్ ద్వారా వచ్చినది. డిఫైనర్స్ రైట్స్ ప్రొసీజరులో రోల్ హక్కులు చెల్లవు. యజమాని పేరిట నేరుగా గ్రాంటు కావలెను. ఇచ్చితినని డీబీఏ, రాలేదని డెవలపరు మెయిళ్ళమీద మెయిళ్ళు పెట్టుకొందురు, పై మేనేజరు సీసీలో ఉండగా. విచిత్రమేమనగా ఇరువురును సత్యమే పలుకుచున్నారు.

పాఠాంతరములు
పోస్ట్‌గ్రెస్‌లో 'రిలేషన్ డజ్ నాట్ ఎగ్జిస్ట్' అని పాఠము. హక్కు లేనిచో అచ్చట 'పర్మిషన్ డినైడ్' అని వేరుగా చెప్పుదురు గనుక శ్లేష పోయినది. స్కీమాపై యూసేజ్ హక్కు లేక, స్కీమా పేరు చెప్పక అడిగినచో మాత్రము అదియు లేదనియే అనును. మైఎస్‌క్యూఎల్ 1356వ దోషము మరొక దారి తొక్కినది: పట్టికయో, కాలమో, ఫంక్షనో చెల్లదు, కాకున్న వ్యూ కట్టినవానికో పిలిచినవానికో హక్కు లేదు అని, అనుమానములన్నియు ఒకే వాక్యమున గుదిగుచ్చినది.

ఇక డబుల్ కోట్స్. కోట్స్ లేని పేరును ఒరాకిల్ పెద్ద అక్షరములుగా మార్చుకొనును, పోస్ట్‌గ్రెస్ చిన్నవిగా. కోట్స్ నడుమ చిన్నాపెద్దా కలిపి పేరు పెట్టి వ్యూ కట్టినచో, ఆపై కోట్స్ లేక పిలిచిన ప్రతివానికిని 'లేదు' అనియే జవాబు. అట్లు కట్టినవాడు సాధారణముగా వేరొక కంపెనీలో చేరియుండును.