సర్వసేనాని గారి టీఏ బిల్లు

టీఏ బిల్లు చూస్తే మనిషి తెలిసిపోతాడు. ఉద్యోగమంతా ఒక సర్కారీ ఆఫీసులో బిల్లులు తిరగేస్తూ గడిపినవాణ్ణి కనక ఈ మాట ధైర్యంగా అనగలను. రిక్షాకి ఇచ్చిన పది రూపాయల్ని నలభైగా రాసేవాడొకడు, నిజంగా ఇచ్చిన నలభైని రాయడానికి మొహమాటపడేవాడు ఇంకొకడు. మహానుభావుల జీవిత చరిత్రలంటే నాకు పెద్ద గురి లేదు. వోచర్లు చూపించండి, తర్వాత మాట్లాడుకుందాం అంటాను. అందుకే రిటైరయ్యాక జార్జి వాషింగ్టన్ మీద పడ్డప్పుడు యుద్ధాలూ ఒడంబడికలూ ఉన్న అధ్యాయాలన్నీ గబగబా దాటేసి, ఆయన ఖర్చుల ఖాతా దగ్గర మఠం వేసుక్కూర్చున్నాను.

1775 జూన్‌లో ఫిలడెల్ఫియాలో, బ్రిటన్ మీద తిరగబడ్డ అమెరికా వలసల కాంగ్రెస్ వారు ఆయన్ని సర్వసేనానిగా ఎన్నుకుని నెలకి 500 డాలర్లు ఇస్తామన్నారు. ఆయన లేచి, జీతం నాకొద్దు, అయిన ఖర్చు మాత్రం సరిగ్గా రాసిపెడతాను, అది ఇప్పించండి చాలన్నాడు. చరిత్రకారులు దీన్ని త్యాగం అంటారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. జీతం వద్దనే ఆఫీసరుని మించిన గండం అకౌంట్స్ సెక్షనుకి ఇంకొకటి లేదు. జీతానికి స్కేలుంటుంది. అయిన ఖర్చుకి ఏముంటుంది?

ఖాతాలో మొదటి పద్దే అయిదు గుర్రాలు. కేంబ్రిడ్జిలో ఉన్న సైన్యం దగ్గరికి వెళ్ళడానికట, 239 పౌండ్లు, అందులో రెండు గుర్రాలు అరువు. పోనీలే, సర్వసేనాని నడిచి వెళ్తాడా అనుకుని ముందుకి జరిగాను. జూలై 15న 333 డాలర్ల మూడో వంతు అని ఉంది. ఎవరికి? పేరుండాల్సిన చోట ఒక గీత. ఎందుకు? బోస్టన్ ఊళ్ళోకి దూరి రహస్యంగా కబుర్లు పంపించే ఏర్పాటు చెయ్యడానికి. రసీదు లేదు, సంతకం లేదు, సాక్షి లేడు. గూఢచారి చేత రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించడం కష్టమే, ఒప్పుకుంటాను. కాని ఆ మూడో వంతు ఏమిటి? బేరం అంత చివర దాకా తెమల్లేదా? కాగితం తీసుకుని లెక్క కట్టాను. అప్పట్లో మసాచుసెట్స్ లెక్కన డాలరుకి ఆరు షిల్లింగులు. అంటే ఆ గీతగారికి ముట్టింది నిండుగా 100 పౌండ్లు. ఆ సాయంత్రం నాకు కలిగిన తృప్తి యార్క్‌టౌన్‌లో గెలిచినప్పుడు వాషింగ్టన్‌కి కూడా కలిగి ఉండదు.

ఇంకా ముందుకి వెళ్తే శ్రీమతి మార్తా గారి రాకపోకలు తగిలాయి. చలికాలం యుద్ధం ఆగినప్పుడల్లా ఆవిడ వర్జీనియా నుంచి భర్త ఉన్న విడిదికి వచ్చి వెళ్ళేది. ఆ ప్రయాణాలన్నీ కలిపి వెయ్యి పౌండ్ల పైచిలుకు! ఎర్ర పెన్ను కోసం చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. కాని మహానుభావుడు నాకు ముందే జవాబు రాసిపెట్టాడు. ఇది సొంత ఖర్చా ప్రభుత్వ ఖర్చా అని నాకూ సందేహం వచ్చింది, కాని ఏటా ఇంటికి వెళ్ళొద్దామనుకున్న సెలవు ఒక్కసారీ వాడుకోలేకపోయాను కనక ఇది అడగడం న్యాయమే అనిపించింది అని. మా భాషలో చెప్పాలంటే, ఎల్‌టీసీ వాడుకోలేదు కనక దానికి బదులన్నమాట. ఈ సంగతి మా ఆవిడకి చదివి వినిపించాను.

"వెయ్యి పౌండ్లే! చూశారా ఆయన. మీ బిల్లుల్లో నా పేరు ఒక్కసారన్నా రాశారా?" అంది.

"రూల్సు ఒప్పుకోవే."

"ఆయనకి మాత్రం ఎవరు ఒప్పుకున్నారుట? రాశాడంతే."

ఎర్ర పెన్ను జేబులోంచి బయటికి రాలేదు.

ఎనిమిదేళ్ళ లెక్కలూ స్వహస్తంతో రాసి 1783లో ఖజానాకి అప్పజెప్పాడు. ఆడిట్ వారు ఒక్కో పద్దూ కూడి చూసి, తప్పు పట్టుకున్నారు. తేడా ఒక డాలరులో తొంభైకి ఎనభైతొమ్మిది వంతులు. పెన్సిల్వేనియా లెక్కన డాలరుకి 90 పెన్నీలు లెండి. చిత్రమేమిటంటే ఆ 89 పెన్నీలూ ఆయన తక్కువ రాసుకున్నవే, ప్రభుత్వమే ఆయనకి బాకీ. పైగా చేతికొచ్చిన సొమ్ముకీ రాసిన ఖర్చుకీ పొంతన కుదరక, హడావుడిలో ఏవో ఖర్చులు రాయడం మర్చిపోయి ఉంటాను, నష్టం నాదేనని తనే ఒక నోటు పెట్టుకున్నాడు. అయినా కాంగ్రెస్ వారు నాలాంటి వాళ్ళ సలహా ఏదో విన్నట్టున్నారు. 1789లో అధ్యక్షుడయ్యాక మళ్ళీ జీతం వద్దు, ఖర్చులు చాలు అని ఆయన పాత పాట ఎత్తుకుంటే, బాబూ అంత పని చెయ్యకు అని ఏడాదికి 25,000 డాలర్లు కట్టబెట్టారు.

ఇక ఆయన ఉత్తరాల సంగతి. 1776 జూలైలో న్యూయార్క్ రేవులో బ్రిటిష్ ఓడలు వచ్చి ఆగాయి. అడ్మిరల్ హౌ సంధి మాటల కోసం ఒక ఉత్తరం పంపించాడు. పైన చిరునామా: జార్జి వాషింగ్టన్ ఎస్క్వైర్. తిరుగుబాటుదార్ల నాయకుణ్ణి జనరల్ అని రాస్తే ఆ సైన్యాన్ని ఒప్పుకున్నట్టే కదా, అందుకని ఈ ఎస్క్వైర్. ఉత్తరం అందుకోవడానికి వెళ్ళిన జోసెఫ్ రీడ్, ఈ చిరునామాతో మా సైన్యంలో ఎవరూ లేరని చెప్పి వెనక్కి పంపేశాడు. రెండు దేశాల తలరాత ఇన్వర్డ్ రిజిస్టరు దగ్గరే ఆగిపోయింది. కొన్నాళ్ళకి ఎస్క్వైర్ వెనక వగైరా వగైరా తగిలించిన ఉత్తరంతో కర్నల్ పాటర్సన్ అనే ఆయన స్వయంగా వచ్చి, వగైరా అంటే అందులో అన్నీ వస్తాయండీ అని బతిమాలాడు. నిజమే, అన్నీ వస్తాయి, ఏదైనా వస్తుంది అన్నాడు వాషింగ్టన్. ఉత్తరం మాత్రం తీసుకోలేదు. చిరునామా సరిగ్గా లేని తపాలా తీసుకోకపోవడమనే విద్య మా సెక్షన్లో ఒకరిద్దరికే తెలుసు. ఆయన దాన్ని దౌత్యం చేసి పెట్టాడు.

అలాగని మొరటువాడు కాదు. చిన్నతనంలోనే మర్యాద సూత్రాలు 110 కాపీ పుస్తకంలో దించుకున్నవాడు. 1777 అక్టోబరులో జర్మన్‌టౌన్ దగ్గర చిత్తుగా ఓడిన రెండు రోజులకి, అటువైపు సేనాని, ఆ అడ్మిరల్ తమ్ముడే, జనరల్ హౌ గారి కుక్క దారి తప్పి ఈ శిబిరంలోకి వచ్చింది. మెడపట్టీ మీద యజమాని పేరుంది. ఓడినవాడు కుక్క మీద కసి తీర్చుకోలేదు. దాన్ని వెనక్కి పంపిస్తూ జనరల్ హౌకి నమస్కారాలు, తమ కుక్క పొరపాటున మా చేతికి చిక్కింది, తిరిగి పంపుతున్నందుకు సంతోషం అని రెండు వాక్యాల చీటీ పెట్టాడు. అందులో యుద్ధం ఊసు లేదు. ఆ చీటీ చిత్తుప్రతి చేతిరాత అలెగ్జాండర్ హామిల్టన్‌ది అంటారు. తర్వాత ఆ దేశపు మొదటి ఆర్థిక మంత్రి అయినవాడు కుక్కల తపాలా కూడా చూశాడని తెలిసినప్పుడు గుమాస్తాగా నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉత్తరం మాత్రం 1779 ఆగస్టులో వెస్ట్ పాయింట్ విడిది నుంచి సైనిక వైద్యుడు జాన్ కాక్రన్‌కి రాసింది. ఇద్దరు ఆడవాళ్ళని భోజనానికి పిలిచాడు. పిలిచాక భయం పట్టుకుంది, ఏం పెడతామో ముందే చెప్పకపోతే మోసం కాదా అని. అందుకని బల్లని మ్యాపు గీసినట్టు వర్ణించాడు. ఇటు కొసన పంది తొడ మాంసం, అటు కొసన ఎద్దు మాంసం వేపుడు, నడుమ ఉందో లేదో తెలియనంత చిక్కుడు గింజలో ఆకుకూరో. వంటవాడికి ఆ రోజు ఊపొస్తే నడిమి గిన్నెకి అటూ ఇటూ ఇంకో రెండు పళ్ళేలు చేరతాయి. దాంతో పళ్ళేనికీ పళ్ళేనికీ మధ్య దూరం పన్నెండడుగుల నుంచి ఆరడుగులకి తగ్గుతుందట! ఈమధ్యే ఆపిల్ పళ్ళతో కూడా పై అనే పిండివంట చెయ్యొచ్చునని వంటవాడు అమోఘమైన తెలివితో కనిపెట్టాడనీ, కంచాలు ఒకప్పుడు తగరానివే గాని ఇప్పుడు ఇనపవి అయిపోయాయనీ, అది మాత్రం తోమీ తోమీ వచ్చిన మార్పు కాదనీ రాశాడు. డాలరు నోటు మీద పెదాలు బిగించి కూర్చున్న ఆ పెద్దమనిషి ఇంత కొంటెవాడని ఎవరనుకుంటారు?

ఆ పెదాలు బిగించడానికీ కారణం కాగితాల్లోనే ఉంది. పళ్ళు. 1781 మేలో ఫిలడెల్ఫియా దంతవైద్యుడు బేకర్‌కి, పళ్ళకి తీగ బిగించుకునే పట్టకారు పంపించమనీ, పళ్ళు గీరుకునే పరికరాలు కావాలనీ రాశాడు. ఆ తపాలా సంచీని దారిలో బ్రిటిష్ వాళ్ళు కొట్టేశారు. ఎదుటి సైన్యం ఎత్తుగడలు తెలుస్తాయని సంచీ విప్పితే సర్వసేనాని పళ్ళపాచి బయటపడింది. ఆ ఉత్తరం ఇప్పటికీ బ్రిటిష్ జనరల్ క్లింటన్ కాగితాల్లోనే, మిషిగన్ విశ్వవిద్యాలయంలో, భద్రంగా ఉంది. సేనాని పట్టకారుకి ఆ గతి పట్టిన ఏడాదే అక్టోబరులో యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ లొంగుబాటు మాటలకి ఇరవైనాలుగు గంటలు గడువడిగితే, రెండు గంటలిస్తాను, షరతులు కాగితం మీద రాసి పంపు అన్నాడు. అక్కడ ఓడిన కార్న్‌వాలిస్‌నే మనకి గవర్నర్ జనరల్‌గా పంపించారు. 1792లో టిప్పు దగ్గర కొట్టేసిన భూముల్లో కడప సీమని నిజాముకి పంచిపెట్టినవాడు ఆయనే. మన రెవెన్యూ రికార్డుల కష్టాలకి మూలం యార్క్‌టౌన్‌లో ఉందని నేనంటే మా ఆవిడ నమ్మదు.

ఇంత చక్కటి చేతిరాతలో నేను నవ్వకుండా మూసేసిన కాగితం కూడా ఒకటుంది. 1799లో తన మౌంట్ వెర్నన్ కమతాల్లో ఉన్న బానిసల జాబితా రాసుకున్నాడు. 317 మంది. పేరు, వయసు, పని, ఎవరి ఆస్తి, అన్నీ గళ్ళల్లో పొందిగ్గా. ముసలివాళ్ళ పేర్ల పక్కన పనికి మించిపోయినవాళ్ళని ఒక మాట. వాళ్ళలో తన సొంత ఆస్తి కింద ఉన్నవాళ్ళకి భార్య తదనంతరం విడుదల అని అదే ఏడాది విల్లు రాశాడు, నిజమే. కాని 89 పెన్నీలు లెక్క తేలిన చోట, వీళ్ళ కూలి ఏ ఖాతాలోనూ లేదు.

కాగితాల మీద ఆయనకున్న మమకారం మామూలుది కాదు. యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1781లో, రిచర్డ్ వారిక్ అనే ఆయన్ని పెట్టి పాత ఉత్తరాలన్నీ శుభ్రంగా తిరగరాయించాడు. అన్ని పుస్తకాలకీ మార్జిన్ ఒకేలా ఉండాలి, గీతల మధ్య ఎడం సమానంగా ఉండాలి, రాతలు పొందికగా కనిపించాలి. దేశం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజుల్లో ఇవీ ఉత్తర్వులు. 44 సంపుటాలు తేలాయి. పదవులన్నీ దిగాక 1797లో మిత్రుడు మెక్‌హెన్రీకి రాసిన ఉత్తరం చదివితే మాత్రం మనవాడే అనిపిస్తాడు. పగలంతా ముక్కూ మొహం తెలియని చుట్టాలు, గౌరవంతో వచ్చామంటారు, వేడుక చూడ్డానికి అంటే పోదా అని విసుక్కున్నాడు. దీపాలు పెట్టగానే కూర్చుని ఉత్తరాలకి జవాబులు రాద్దామనుకుంటాడు. దీపాలు పెట్టేసరికి ఒళ్ళు బడలిక, రేపు చూద్దాంలే. రేపు మళ్ళీ అదే దీపం, అదే బడలిక. 1799 డిసెంబరులో చివరి రాత్రి కూడా సెక్రటరీ టోబయస్ లియర్‌ని పిలిచి చెప్పిన మాటల్లో మిలిటరీ ఉత్తరాలు వరసగా సర్దించు, లెక్కలు తేల్చు అన్నవి ఉన్నాయి.

లియర్ సర్దాడు. తర్వాత ఆ పెట్టెలు జారెడ్ స్పార్క్స్ అనే ఎడిటరు చేతిలో పడ్డాయి. 1830లలో పన్నెండు సంపుటాలు అచ్చేశాడు. సర్వసేనాని తన కింది సేనానిని చనువుగా ముసలి పట్ అంటే, ఆయన దాన్ని జనరల్ పట్నం అని దిద్దాడు. అచ్చుకి మోటుగా తోచిన మాటలకి చొక్కా తొడిగాడు. అక్కడితో ఆగితే బాగుండేది. వాషింగ్టన్ ప్రమాణ స్వీకారానికి తయారుచేయించి చివరికి చదవకుండా పక్కన పెట్టిన పెద్ద ఉపన్యాసం, ఆయన చేతిరాతలోనే ఉన్నది, ఆ కట్టల్లో దొరికింది. ఇది అచ్చుకి తగదని మాజీ అధ్యక్షుడు మాడిసన్ అన్నాడు. స్పార్క్స్ కత్తెర తీసుకుని దాన్ని ముక్కలు ముక్కలుగా కత్తిరించి, చేతిరాత నమూనా కావాలని అడిగినవాళ్ళకల్లా తలా ఒక ముక్క పంచిపెట్టాడు. మా ఆఫీసులో అయితే సస్పెన్షను, చార్జిమెమో, పింఛను మీద కోత. ఆయన్ని 1849లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ప్రెసిడెంటుని చేశారు.